పసుపు దారం కట్టిన పెట్ట

ఉదయగిరిలో ముసాఫరు బంగళా వెనకాల ఒక పెంకుల గది ఉండేది. నేను కాపురానికి వచ్చింది ఆ గదిలోకే. మా ఆయన ఆ బంగళాకి వాచరు. ఆత్మకూరు వైపు నుంచి జీపులో క్యాంపు వచ్చే దొరలు అందులో దిగేవాళ్ళు. తెల్లదొరలు పోయి మన దొరలు వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. వరండాలో వాళ్ళు కూర్చునే పడక కుర్చీ మాత్రం అదే. నేను చదివింది నాలుగో తరగతి. రాయడం అలవాటు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బంగళా అంటే ఊళ్ళోవాళ్ళకి గొప్ప. తెల్లటి గోడలు, పంకా, పింగాణీ పళ్ళేలు. మాకు మాత్రం అది వచ్చిపోయేవాళ్ళ ఆకలి. దొర వస్తున్నాడని కబురు అందితే చాలు, మా వీధి ఆడవాళ్ళు కోళ్ళని గంపల కింద మూసేవాళ్ళు. దొర వెంట ఎప్పుడూ ఒక బంట్రోతు వచ్చేవాడు. దొర కోడికూర కావాలని అడిగేవాడో లేదో నాకు తెలీదు. బంట్రోతు అడిగేవాడు కాదు, పట్టుకుపోయేవాడు.

మా వైపు అమ్మవారికి మొక్కిన కోడి కాలికి పసుపు దారం కడతారు. మొక్కు తీరేదాకా దాన్ని దొంగ కూడా ముట్టడు. ఒక క్యాంపుకి మా వీధిలో ఒకామె తన కోళ్ళన్నిటికీ దారాలు కట్టేసింది. బంట్రోతు చూసి దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి క్యాంపుకి వీధి వీధంతా పసుపు దారాలే. ఎవరో బాతుకి కూడా కట్టారు. నేనూ కట్టాను. ఎందుకు కట్టకూడదు? అవి మా కోళ్ళు. బంట్రోతు ఆ బాతుని చూసి పడీపడీ నవ్వాడు. ఇంక దారాన్ని లెక్కచేయడం మానేశాడు.

ఆ ఎండాకాలం నా కొడుక్కి అమ్మవారు పోసింది. వాడికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. ఒళ్ళంతా వేపమండలతో విసురుతూ, బిడ్డని నిలుపు తల్లీ, నల్లపెట్టని ఇచ్చుకుంటానని మొక్కుకున్నాను. జ్వరం దిగింది. తలకి నీళ్ళు పోశాను. మిగతా కోళ్ళ దారాలన్నీ విప్పేసి, ఆ నల్లపెట్టకి ఒక్కదానికే ఉంచాను. మంగళవారం ఇవ్వాలి. రోజూ దానికి జొన్నలు ఎక్కువ వేసేదాన్ని, అది బాగా బలిసింది.

మంగళవారం రాకముందే, సంతనాడు, దొర దిగాడు. బంట్రోతు నేరుగా మా గది ముందుకి వచ్చి నల్లపెట్టనే పట్టాడు.

"అది అమ్మోరిదన్నా, వదులు."

"మీ వీధిలో బాతు గూడా అమ్మోరిదే గదమ్మే!" అన్నాడు పళ్ళికిలించి.

"గంప కింద రెండుండాయి. రెండూ పట్టకపో. దీన్ని వదులు."

"రెండిచ్చి ఒకటి వొద్దంటుండావంటే, కండుండేది దీనికే."

దొర ఉన్నప్పుడు మేము బంగళా ముందు వైపుకి పోకూడదు. బిడ్డని చంకనేసుకుని నేరుగా వరండా మెట్ల దగ్గరికి పోయాను. మా ఆయన టవలు పట్టుకుని దొర పక్కన నిలబడి ఉన్నాడు. "మే, ఎనక్కి పో" అన్నాడు పళ్ళు బిగబట్టి.

"అయ్యా, బిడ్డకి అమ్మోరు పోసి తగ్గింది. ఆ కోడి మొక్కుబడిది. ఇంకేదన్నా కోసుకోండి."

దొర నా బిడ్డ మొహం మీది పొక్కులు చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఈ ఊళ్ళో కోళ్ళన్నీ అమ్మవారివేనటగా? అన్ని తింటే ఆవిడకి అరుగుతుందా?" అన్నాడు.

కోడిని పట్టుకుని నా వెనకే వచ్చిన బంట్రోతు నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు.

నేను బంట్రోతు వైపు తిరిగాను. "మొక్కు లేదని నీ బిడ్డల మీద ఒట్టేసి ఆ దారం విప్పు. నీ చేత్తోనే విప్పు. ఆనక నేనే మసాలా నూరిస్తా."

నవ్వు ఆగింది. బంట్రోతు నా బిడ్డ మొహంకేసి చూశాడు. చేజర్లలో వాడికీ పిల్లలున్నారు. చూసి, కోడిని మా ఆయన ముందుకి చాపాడు.

"నాకెందుకబ్బా. నీ పెళ్ళాం మొక్కు, నీ ఇంటి కోడి. నువ్వే విప్పు."

మా ఆయన దొర వైపు చూశాడు. దొర చేతి గడియారం చూసుకుంటూ, "భోజనం ఆలస్యం కాకూడదు" అన్నాడు.

మా ఆయన కోడి కాలు పట్టుకున్నాడు.

"ఏమయ్యా, వీడు నీకు గూడా బిడ్డే" అన్నాను.

"ఈ పని పోతే బిడ్డని యాడ పడుకోబెడతావే?" అన్నాడు తలెత్తకుండా.

ముడి గట్టిగా వేశాను, వేళ్ళకి రాలేదు. పంటితో కొరికి తెంపాడు. దారం మెట్టు మీద పడింది. నేను తీసుకుని కొంగున కట్టుకున్నాను.

పొద్దుగూకేసరికి వంటగదిలోంచి మసాలా వాసన మా గదిలోకి వచ్చింది. బంట్రోతు వాచరుకని గిన్నెలో కొంచెం పులుసు పంపించాడు. అంత భయపడ్డవాడు పులుసు మాత్రం పంపించాడు. మా ఆయన చూస్తుండగానే బూడిదలో పోశాను.

మంగళవారం గంప కిందున్నవాటిలో ఒకదానికి ఆ దారమే కట్టి, చెంపలేసుకుని, అమ్మవారికి ఇచ్చివచ్చాను. పొక్కులు రాలిపోయాయి. నా కొడుకు బతికాడు, మచ్చలు మాత్రం మిగిలాయి. వాడిప్పుడు పిల్లల తండ్రి. "ఒక్క కోడికేనామ్మా ఇంత కోపం?" అంటాడు.

మా ఆయన బతికినన్నాళ్ళూ, వాడు ఎదురుగా నడుస్తుంటే చూపించి, "చూసినావా, ఏం గాలా" అనేవాడు. అన్నప్పుడల్లా నేను అక్కణ్ణుంచి లేచి పోయేదాన్ని. మారుకోడిని అమ్మవారు ఒప్పుకున్నట్టే ఉంది. నేను ఒప్పుకోలేదు.