మా మరదలి మూడు గళ్ళు

నాకు ముక్కు మీదే కోపమని మా ఆవిడ అంటుంది. నిజమే. ముప్పై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నవాణ్ణి. కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని, తీరా కుట్టాక బిగుతుగా ఉందని నా మీదికొచ్చే జనంతో వేగేవాడికి కోపం కాక ఇంకేమొస్తుంది? అయితే ఈ కథ నా కోపం గురించి కాదు, మా మరదలి గురించి. నాకు కోపం ఎంతో ఆమెకు అనుమానం అంత.

మరదలంటే మా ఆవిడకు సొంత చెల్లెలు. ఓ పెద్ద ఆసుపత్రిలో కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం. మూడో అంతస్తులో కిటికీ లేని గది, గోడకు పెద్ద తెర, దాని నిండా చిన్న చిన్న గళ్ళు. ఒక్కో గడి ఒక్కో యంత్రానిది. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రబడితే పోయినట్టు. "అంటే పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటావన్నమాట. కడుపులో చల్ల కదలని ఉద్యోగం," అన్నాను, ఆమె చేరిన కొత్తలో.

"అవును బావా, నువ్వు పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని కాళ్ళాడించినట్టే," అంది. కుట్టుమిషను తొక్కడాన్ని కాళ్ళాడించడం అన్న మనిషిని నేను అదే మొదటిసారి చూడడం.

ఆ ఉద్యోగంలోనే ఒకసారి గట్టి దెబ్బ తింది. రక్తపరీక్షల రిపోర్టులన్నీ ఉండేది ఒక జత సర్వర్లలో. యంత్రాలు రెండు, బయటివాళ్ళు అడిగే అడ్రసు మాత్రం ఒకటే. ఆ ఉమ్మడి అడ్రసు ఏ యంత్రానికీ సొంతం కాదు. ఆ పూట పనిచేస్తున్నదాని దగ్గర ఉంటుంది. అది కూలబడితే క్షణంలో రెండోదాని దగ్గరికి పోతుంది. డాక్టర్లకు తెలియను కూడా తెలియదు. మా షాపు ఫోనూ అంతే. నేనెత్తినా మా ఆవిడెత్తినా చేసినవాడికి షాపు పలికినట్టే.

మా మరదలు తన తెర మీద ఆ ఉమ్మడి అడ్రసుకు మాత్రమే ఒక గడి పెట్టింది. లోపల ఒక యంత్రం చచ్చి పదకొండు రోజులైంది. రెండోది ఒంటరిగా బండి లాగుతూ పిలిచినప్పుడల్లా పలుకుతూనే ఉంది కాబట్టి గడి పచ్చగానే ఉంది. పన్నెండో రోజు పొద్దున్న అదీ చతికిలబడింది. నలభై నిమిషాలు ఒక్క రిపోర్టూ రాలేదు. వరండాలో బెంచీల నిండా మోచేతి మడతలో దూది పెట్టుకున్న జనం. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. పైఅధికారి కూడా పెద్దగా తిట్టలేదు. కానీ ఆ సాయంత్రం మా షాపుకొచ్చి, గుండీల డబ్బా ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"పదకొండు రోజులు బావా! రోజూ చూశాను. పచ్చగానే ఉంది."

కళ్ళు తుడుచుకోమని ఒక గుడ్డముక్క అందించాను. "ఊరుకోవే, అది నీ తప్పా? మిషను తప్పు," అన్నాను.

"మిషను తప్పు కాదు. నేను ఒక్కొక్కదాన్నీ విడిగా అడగలేదు."

ఆ మర్నాటి నుంచి ప్రతి జతకూ మూడు గళ్ళు పెట్టింది. ఈ యంత్రం సొంత అడ్రసుకు ఒకటి, ఆ యంత్రం సొంత అడ్రసుకు ఒకటి, ఉమ్మడిదానికి ఒకటి. ఆ తెరను నడిపే సాఫ్ట్‌వేరేమో ఉమ్మడి అడ్రసు నిన్న ఇక్కడ, ఇవాళ అక్కడ కనిపించేసరికి రెండు యంత్రాలూ ఒకటేననుకుని కలిపేసేదట. ఈమె విడదీసేది. అది మళ్ళీ కలిపేది. చివరికి ఆ ఉమ్మడి అడ్రసును బట్టి ఏ యంత్రాన్నీ గుర్తుపట్టొద్దని దానికి నేర్పిందాకా నిద్రపోలేదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఆఫీసులో 'మూడు గళ్ళమ్మ' అని పేరు పెట్టారు. వాళ్ళతో కలిసి నేనూ నవ్వాను.

ఇక మా ఆవిడ సంగతి. కాజాలు కుట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. అలాంటిది కొన్నాళ్ళుగా సూదిలోకి ఎక్కించాల్సిన దారాన్ని పక్కనుంచి పోనిస్తోంది. నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టబోయి అంచు అవతల వదిలేసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి ఆ నీళ్ళు కొత్త కోటు మీద పడ్డాయి.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అని అరిచాను.

"నా కళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి. ఎదురుగా ఆ మందులషాపు బోర్డు చదవమంటారా?" అని కింద చిన్నక్షరాలతో సహా గడగడా చదివేసింది. వయసు మీద పడి చెయ్యి వణుకుతోందని ఇద్దరం తీర్మానించేసుకున్నాం.

ఓ ఆదివారం మధ్యాహ్నం చొక్కా బిగుతు చేయించుకోవడానికి మరదలు వచ్చింది. స్టూలు మీద కూర్చుని అక్కను చూస్తోంది. మూడుసార్లు దారం తప్పింది. నేను విసుక్కోబోతుంటే చెయ్యెత్తి ఆపి, లేచి వెళ్ళి అక్క పక్కన నిలబడింది.

"అక్కా, ఆ బోర్డు చదువు."

"మీ బావకి ఒకసారి చదివాను, మళ్ళీ నీకా?" అంటూనే చదివింది.

మరదలు అక్క ఎడమకన్ను మీద అరచెయ్యి పెట్టింది. "ఇప్పుడు?" మళ్ళీ చదివింది. అరచెయ్యి కుడికన్ను మీదికి మార్చింది. "ఇప్పుడు?"

"ఇప్పుడేం చదవనే! ముందు నీ చెయ్యి అడ్డం తియ్యి," అంది మా ఆవిడ.

"అక్కా, నా చెయ్యి కుడికన్ను మీదే ఉంది. ఎడమకన్ను తెరిచే ఉంది."

నా చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. మొట్టమొదటిసారి నాకు కోపం రాలేదు, భయం వేసింది.

మర్నాడు మరదలి ఆసుపత్రిలోనే కళ్ళ డాక్టరు చూశాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం కొద్దికొద్దిగా చచ్చిపోతోందట. నొప్పి ఉండదు. మంచి కన్ను రెండింటి పనీ చేస్తుంటే మనిషికే తెలియదట. ఎడమకన్ను చూపు చాలావరకు పోయింది, ఇక రాదు. కుడికన్నులోనూ అప్పుడే మొదలైంది. రోజూ చుక్కలు వేసుకుంటే దాన్ని కాపాడుకోవచ్చన్నాడు. ఇంకో ఏడాది ఊరుకుని ఉంటే అదీ దక్కేది కాదన్నాడు.

"ఎవరు కనిపెట్టారు?" అని అడిగాడు.

"మూడు గళ్ళమ్మ!" అన్నాను, వార్డంతా వినపడేలా. ఆయనకేమీ అర్థం కాలేదు.

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడి ఏడ్చాను. మరదలు పక్కన కూర్చుని, "ఊరుకో బావా, అది నీ తప్పా?" అంది.

"నేను అరిచాను గానీ అడగలేదే," అన్నాను.

ఇప్పుడు మా షాపు గోడ మీద ఒక కాగితం ఉంది. కుడి, ఎడమ, రెండూ అని మూడు గళ్ళు. రోజూ షట్టరు ఎత్తగానే టేపు గోడకు వేలాడదీసి, మా ఆవిడ ఒక్కో కన్నూ మూసి అంకెలు అడుగుతాను. పదింటికల్లా ఫోను మోగుతుంది. 'అంతా బాగుంది' అంటే మా మరదలు ఊరుకోదు. "ఆ మాట నాకొద్దు. మూడూ విడివిడిగా చెప్పు," అంటుంది. పోయిన కంటికి ఇంకా గడెందుకని ఒకసారి విసుక్కున్నాను. "కన్ను అక్కడే ఉంది కదా బావా," అంది.

ఇవాళ పొద్దున్న కుడికన్ను చివరి అంకె వరకూ చదివింది. రెండూ కలిపి చదివినా అంతే. కుడికన్ను మూసి, ఎడమకన్నుతో ఏం కనిపిస్తోందని అలవాటుగా అడిగాను. రోజూ "ఏమీ లేదు" అనేది, ఇవాళ తల కాస్త అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొంచెం వెలుతురు ఉందండీ. దానికి అడ్డంగా మీరున్నారు."

ఎడమ గడిలో అదే రాశాను. పదింటికి ఫోనులో చదివి వినిపించాను. అవతల ఆమె రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"సరే బావా," అంది చివరికి. "రేపు కూడా అడుగు."