కార్క్ వారి అల్లుడు

గురువారం సాయంత్రం, పెర్త్. హాజరైనవారు: నేను, నాతో గదిలో ఉండే నెల్లూరు బావ, మా గిడ్డంగి సూపర్‌వైజరు ఐరిష్ పెద్దాయన, ఆయన భార్య. (డైరీలో ఇంతే ఉంది. వంటకాల జాబితాకు వేరే పేజీ.)

ఆ రోజుల్లో నాకు పట్టుదల ఎక్కువ, ప్రశ్నలు తక్కువ. తెలియనిది పక్కవాణ్ణి అడగడం నామోషీ అనుకునేవాణ్ణి. గిడ్డంగిలో నా మూడు నెలల గడువు మర్నాటితో తీరిపోతుంది. ఉద్యోగం ఖాయం చెయ్యాలన్నా, పంపించెయ్యాలన్నా పెద్దాయన సంతకమే. అందుకని ఆయన్ని భోజనానికి పిలిచి, ఆయన భాషలోనే పలకరించాలని నిశ్చయించుకున్నాను. మనం గోదావరోడు, సీమోడు అన్నట్టే ఐరిష్ భాషలోనూ ఒక్కో ప్రాంతంవాడికి ఒక్కో మాట ఉంది. లైబ్రరీలో కూర్చుని డైరీలోకి ఎక్కించాను: కార్క్ వాడు 'కోర్కీయఖ్', కెర్రీ వాడు 'కియరీయఖ్'. మూడు సాయంత్రాలు స్నానాల గదిలో వల్లె వేశాను.

"ఆయనది ఏ ఊరో అడిగావా బావా?" అని తలుపు కొట్టాడు నెల్లూరు బావ.

"అడగడమెందుకు? వాళ్ళావిడ ఫోన్లో నాది కార్క్ అని చెప్పింది." పెళ్ళయిన ఆవిడ తన ఊరంటే అత్తవారి ఊరే చెబుతుంది, మా అమ్మలాగా. అంతకన్నా రుజువేం కావాలి?

గుమ్మంలోనే చేతులు జోడించి, ఆయన్ని గట్టిగా 'కోర్కీయఖ్' అన్నాను. ఆవిడ గోడ పట్టుకుని నవ్వింది. ఆయన ముఖం కారప్పొడి రంగుకొచ్చింది.

"నేను కెర్రీ వాణ్ణి! ఫుట్‌బాల్‌లో మాకూ వాళ్ళకీ పడి చావదు. మా అత్తగారు కూడా నన్నింత మాట అనలేదు!"

"అయితే మీరు కార్క్ వారి అల్లుడుగారన్నమాట," అని సర్దబోయాడు బావ. ఉన్న కాస్త ఆశా పోయింది.

అయినా నేను వెనక్కి తగ్గలేదు. డైరీ తెచ్చి ఆయన ముందు తెరిచాను. "మీ ఊరి విషయంలో పొరబడ్డాను. మీ మాటైనా సరిగ్గా పలకడం నేర్పండి," అన్నాను. పప్పన్నం చల్లారేదాకా 'కియరీయఖ్' చెప్పించాడు, నలభై ఒక్కసార్లు (గీతలు పెట్టుకున్నాను). వెళ్ళేటప్పుడు మాత్రం నవ్వలేదు.

మర్నాడు ఉదయం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కలం మూత తియ్యలేదు. "మూడు నెలలుగా నిన్ను ఇండియా కుర్రాడనే అంటున్నాను. మీ ప్రాంతంవాణ్ణి ఏమంటారు?" అన్నాడు. "గుంటూరోడు," అన్నాను. ఆయనకు నోరు తిరగలేదు. నాలుగోసారికి కాస్త దగ్గరగా వచ్చి, సంతకం పెట్టాడు. తన్ను కార్క్ వాడన్న సంగతి ఎక్కడా చెప్పనని మాట తీసుకున్నాడు. ఆయన పోయాక కూడా ఆ మాట తప్పలేదు. తెలుగులో రాస్తే ఫరవాలేదనుకుంటున్నాను. రిటైరైనవాడికి ఆ మాత్రం మొండితనం చెల్లుతుంది.