రెండో గడి పసుపు

ఆ ప్రింటింగు ప్రెస్సులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ బూడిదక్కే. ఆమె గది గోడలు బూడిద రంగు, బల్ల బూడిద రంగు, ఒంటి మీద కోటు కూడా బూడిద రంగే. ఎర్రబట్టలు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంటే ఆ ఎరుపు వచ్చి స్క్రీను మీద పడుతుందని, రంగు చూసే కన్ను మోసపోతుందని ఆమె వాదన. వినేవాళ్ళకు నవ్వులాట. ఇరవై రెండేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. ఆమె సరేనని పంపిన రంగు మీద ఒక్క ఫిర్యాదూ రాలేదన్న సంగతి మాత్రం ఏ మహానుభావుడికీ గుర్తుండదు.

స్క్రీనును ఊరికే నమ్మకూడదన్నది ఆమె నేర్చుకున్న మొదటి పాఠం. వెనకాల ఒక దీపం, ముందు లక్షల కొద్దీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు. ఆ మూడే కలిసి అన్ని రంగులూ పుట్టించాలి. కంప్యూటరు పంపేవి అంకెలు. ఆ అంకెకు ఎంత వెలుగివ్వాలో ఒక్కో స్క్రీను ఒక్కో రకంగా అనుకుంటుంది. ఒకే రోజు, ఒకే కొట్లో కొన్న రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి, తోడికోడళ్ళలాగా ఒకదానికొకటి పొసగదు. పైగా దీపం పాతబడే కొద్దీ వెలుగు తగ్గుతుంది, తెలుపు మారుతుంది. అందుకని ప్రతి సోమవారం ఆమె స్క్రీనును అరగంట వేడెక్కనిచ్చి, అరచేతిలో పట్టే ఒక కొలత డబ్బాను దాని మొహానికి ఆనించేది. తెర మీద నలుపు, బూడిద, తెలుపు, ఆ తర్వాత రంగులు ఒక్కొక్కటే వెలిగేవి. అడిగిందెంత, ఇచ్చిందెంత అని డబ్బా లెక్క తేల్చేది. ఆ తేడాను కంప్యూటరు సరిచేసుకునేది. అప్పుడు గాని తెర మీది రంగూ కాగితం మీది రంగూ ఒకటి కావు.

ఇంతా చేస్తే, అలా సరిచేసిన స్క్రీను చూడ్డానికి వెలవెలబోతూ ఉంటుంది. అది చూపించాల్సింది కాగితం తెలుపు, ట్యూబులైటు తెలుపు కాదు. ఈ ముక్క చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టింది. బూడిదలో పోసిన పన్నీరు అంటారే, అక్షరాలా అదే.

ఈ పట్టుదల ఆమెకు ఊరికే రాలేదు. ముప్పై ఏళ్ళ కిందట కూతురు పుట్టిన మూడో రోజున, బిడ్డ పచ్చగా ఉందేమో చూడమని ఆసుపత్రిలో కాళ్ళావేళ్ళా పడింది. వాళ్ళు గుండు బల్బు కింద ఎత్తి చూసి, ఏమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ బల్బు వెలుతురే పసుపు. దాని కింద పిల్ల పసుపు ఎలా కనబడుతుంది? కనబడేసరికి కామెర్లు బాగా ముదిరిపోయాయి. ప్రాణం దక్కింది, వినికిడి పోయింది. ఆ పిల్లే ఇప్పుడు ఇదే ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద పనిచేస్తోంది. తల్లీకూతుళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు.

ఆ సోమవారం బూడిదక్క నాలుగు రోజుల జ్వరం తర్వాత పనికి వచ్చింది. గది తలుపు తీయగానే స్క్రీను కళ్ళలో పొడిచినట్టు వెలుగుతోంది. తెలుపంతా నీలిగా ఉంది. బల్ల మీద నమూనాకని అచ్చువేసి కోసిన కార్డొకటి పడి ఉంది. పుట్టిన పిల్లలకు కామెర్లున్నాయో లేదో చూడ్డానికి ఆసుపత్రివాళ్ళు వేయించుకుంటున్న కార్డది. ఆరు గడుల్లో ఆరు పసుపులు, లేతనుంచి ముదురుకు. నర్సు బిడ్డ ముక్కు మీద వేలితో నొక్కి, అక్కడి చర్మం ఏ గడితో కలుస్తుందో చూస్తుంది. రెండో గడి దాకా అయితే ఏమీ లేదు, ఇంటికి పంపవచ్చు. మూడయితే రక్తపరీక్ష.

బూడిదక్క కొలత డబ్బాను కార్డు మీద ఆనించి రెండో గడిని కొలిచింది. మళ్ళీ కొలిచింది. అందులో ఉన్నది మూడో గడి పసుపు. ఆమెకు ఒళ్ళు మండింది.

"ఈ స్క్రీను ఎవరు ముట్టుకున్నారు?"

యజమాని బావమరిది తలుపు దగ్గరికి వచ్చాడు. "నేనే అక్కా. డల్లుగా ఏడుస్తుంటే బటన్ నొక్కి బ్రైట్ చేశా. ఎంత బాగుందో చూడు!"

"మరి కార్డు?"

"అందులో రంగు వెలిసిపోయినట్టు కనబడింది. అందుకే కాస్త పచ్చ పెంచా."

పచ్చ పెంచాడట! మన భాషలో ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. యంత్రానికి అలా కుదరదు, ఎంత పసుపో అంకె చెప్పాలి. వెలిసిపోయింది కార్డు కాదు, నీలమెక్కిన స్క్రీనులో పసుపు చచ్చింది. ఆ చచ్చినదాన్ని బతికించబోయి ఈ పెద్దమనిషి కాగితం మీద పసుపు కుమ్మరించాడు.

ఆమె కార్డు పట్టుకుని యజమాని గదిలోకి వెళ్ళింది. "బాబూ, ఇవి బయటికి పోకూడదు. మూడో గడి పిల్లల్ని రెండో గడి అని ఇంటికి పంపేస్తారు. ఆసుపత్రికి ఫోన్ చేసి రెండు రోజులు ఆగమనండి, నేను మళ్ళీ చేసిస్తా."

"నాలుగింటికి వ్యాను వస్తుందక్కా. రేపు ఊరూరా పంచుతున్నారు. కాస్త పచ్చ ఎక్కువైతే కొంపలేం మునగవు."

"మునుగుతాయి."

యజమాని నవ్వాడు. "పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందట. నీకూ అంతే. వెళ్ళి పడుకో, జ్వరం ఇంకా తగ్గినట్టు లేదు."

"సామెత తిరగబడింది బాబూ. లోకానికి కామెర్లొచ్చినా మీ బామ్మర్ది స్క్రీనుకి తెల్లగానే కనబడుతుంది."

అతను ఫోను అందుకుని చెయ్యి ఊపాడు, ఇక వెళ్ళమని. ఫోను ఆసుపత్రికి కాదు, వ్యాను డ్రైవరుకి.

కోత మిషను పక్కన నాలుగు కట్టలున్నాయి. ఇంకా కార్డులుగా కోయని పెద్ద కాగితాలు, కట్టకు అయిదొందలు. బూడిదక్క కూతురి ఎదుట నిలబడి కార్డు చూపించింది. రెండో గడి మీద వేలు పెట్టి, అది తప్పని తల అడ్డంగా ఊపింది. చేతుల్లో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు చూపించింది. ఆ తర్వాత తన చెవి ముట్టుకుంది.

కూతురు తల్లి మొహంలోకి చూసింది. మొదటి కట్టను గీతల ప్రకారం కాకుండా అడ్డంగా తిప్పి, కత్తి సరిగ్గా గడుల మధ్యనుంచి దిగేలా సర్దింది. రెండు చేతులతో రెండు మీటలూ ఒకేసారి నొక్కితేనే ఆ కత్తి దిగుతుంది. దిగింది. రెండో కట్ట. మూడోది.

చప్పుడు తేడాగా ఉందని యజమాని పరిగెత్తుకొచ్చాడు. నేల మీద ముక్కలు చూసి అతని మొహం పాలిపోయింది. అడ్డం వెళ్ళబోతే బూడిదక్క దారిలో నిలబడింది.

"ఆపు! ఆపమంటున్నానా! ఏయ్, నీకే చెప్పేది!"

అతనికి వీపు పెట్టి నిలబడ్డ కూతురు నాలుగో కట్టను సర్దుతూనే ఉంది.

"ఎంత అరిచినా దానికి వినబడదు బాబూ," అంది బూడిదక్క. "దాన్నీ అప్పుడు ఏమీ లేదనే ఇంటికి పంపారు."

కత్తి దిగింది.