బావ ఎక్కని గుట్ట

ఈ బరువు నా నెత్తిన ఎవరూ పెట్టలేదు. నేనే ఎత్తుకున్నాను. దించే ధైర్యం లేక ఇన్నేళ్లూ మోశాను. పేరు చెప్పను. చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. గోదావరిఖనిలో, బొగ్గు కంపెనీ దవాఖానలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన ఒక ముసలివాడు, అంతే అనుకోండి. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుంటాను. కానుకల పళ్లెం పట్టుకుని తిరుగుతాను. నన్ను చూసి పెద్దమనిషి అంటారు. అనేవాళ్లకు బుద్ధి లేదు.

విషయం మా బావది. మా అక్క భర్త. అండర్‌గ్రౌండు బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. చదువు లేదు. నోట్లో నాలుక లేదు. ఉన్నదల్లా ఒక దగ్గు. ఆయన్ని నేను మొదటి నుంచీ చిన్నచూపే చూశాను. ఎందుకు చూశాను? ఫ్యాను కింద కూర్చుని కాగితాలు తిప్పేవాణ్ణి కాబట్టి. అంతకు మించి ఏ కారణమూ లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

ఆయన కూతురు సిస్టర్ల మఠంలో చేరి, నర్సు చదివి, ఆఫ్రికాకు పోయింది. కెన్యా దేశంలో ఎడారి మధ్య తుర్కానా అనే సరస్సు ఉంది. దాని ఒడ్డున మిషన్ దవాఖానలో పని. నాయినా, ఒక్కసారి వచ్చి చూసిపో అంది. బావకు ఇంగ్లిష్ రాదు. నాకు వచ్చునని నేను అనుకునేవాణ్ణి. అందుకని నన్ను వెంట తీసుకుపోయాడు. నా టికెట్టూ ఆయనే పెట్టుకున్నాడు. ఈ మాట మీరు గుర్తుంచుకోండి. గుర్తుంచుకోవలసిన రోజున నేను మరిచిపోయాను. తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు మాట ఇది.

ఆఫ్రికా సఫారీ అంటే ఏమేమో ఊహించుకున్నాను. నడుమెత్తు గడ్డి, సింహాలు, ఏనుగులు. నా కొడుకు సింహం ఫోటో తెమ్మన్నాడు కూడా. తీరా చూస్తే నల్లరాళ్లు, గాలి, ఎండ. రామగుండం ఎండ చాలక విమానమెక్కి ఇంకో ఎండకు వచ్చామా అనిపించింది. మిషన్ జీపులో రోజంతా ఎముకలు కదిలేలా తిప్పి ఒక నేషనల్ పార్కు చూపించారు. అక్కడ నేలంతా మొద్దులు. ఒకప్పుడు చెట్లట, ఇప్పుడు రాళ్లయ్యాయట. దూరంగా నాలుగు చారల గుర్రాలు. వీటిని చూడటానికి తెల్లవాళ్లు సముద్రాలు దాటి వచ్చి, ముక్కులు కమిలిపోయి, ఆహా ఓహో అంటున్నారు. చెట్టు బొగ్గయితే కంపెనీకి పనికొస్తుంది. రాయైతే ఎవడికి పనికొస్తుంది? బావ మాత్రం ఒక రాతిమొద్దు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఏం అర్థమైందని నిలబడ్డాడో అని నవ్వుకున్నాను.

రెండో పార్కు సరస్సు మధ్యలో ఒక దీవి. పచ్చటి నీళ్లు, నోట్లో పోసుకుంటే చేదు. ఒడ్డున మొసళ్లు. పడవలో మాతో ఒక తెల్లజంట, దారి చూపే మనిషి ఒకడు. దీవి నిండా నల్లటి గుట్ట. దాని మీదికెక్కితే రెండువైపులా సరస్సు కనిపిస్తుందట. మా ఓపెన్‌కాస్టు గనుల్లో తవ్విపోసిన మట్టిదిబ్బలు అంతకంటే ఎత్తుంటాయి, వాటికి టికెట్టు లేదు. అయినా అంత దూరం వచ్చాం కదా అని నడిచాం.

నడిచింది ఎంత? పడవ ఇంకా కనిపిస్తూనే ఉంది. బావ ఆగిపోయాడు. ఒక రాయి మీద కూలబడి దగ్గడం మొదలుపెట్టాడు. పెదాలు నల్లబడ్డాయి. గుక్క తిప్పుకోలేక రెండు చేతులతో మోకాళ్లు పట్టుకున్నాడు. మిగతావాళ్లు ముందుకు సాగిపోయారు. ఈయన వల్ల కదా నేను కిందే ఉండిపోయాను అనుకున్నాను. ఆయన ఊపిరి కోసం కొట్టుకుంటుంటే నేను ఆలోచించింది అదీ.

"నువ్వు పో బామ్మర్ది. నేనిక్కడ్నే కూసుంట."

"నేనొక్కణ్ణి పోయి ఏం జెయ్యాలె?" అన్నాను. నిజానికి ఆ జారుడు రాళ్లు చూసి నాకే భయమేసింది. నెపం ఆయన మీదికి తోశాను.

కాసేపటికి కొంచెం తేరుకుని, నా మెడలోని కెమెరా వైపు చూశాడు. "ఓ ఫోటో తియ్యి. గుట్ట మీదికెక్కినట్టే కనవడాలె."

"ఎందుకు బావా?"

"మీ అక్క సూస్తది. ఎక్కలేదంటే నా దమ్ము సంగతి దానికి ఎరుకైతది. ఇగ రాత్రి పగలు ఫికర్ జేస్తది."

"సరే, తీస్త" అన్నాను.

"మనిద్దరికి తప్ప ఇంకెవ్వరికి తెల్వొద్దు, ఏం?"

నేను నేల మీద పడుకుని కెమెరా పైకి పెట్టాను. ఆయన లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, రొమ్ము విరిచి నిలబడ్డాడు. వెనక ఆకాశం తప్ప ఏమీ పడలేదు. నొక్కగానే మళ్లీ కూలబడ్డాడు. ఫోటో చూస్తే మాత్రం లోకం మొత్తం ఎక్కేసిన మొనగాడిలా ఉన్నాడు.

బిడ్డ దగ్గర కూడా ఎక్కాననే చెప్పాడు. బయలుదేరే ముందు ఆ పిల్ల తండ్రి ఛాతి మీద గొట్టం పెట్టి విన్నది. చాలాసేపు విన్నది. ఈ రొమ్ముతోని గుట్టెక్కినవా నాయినా అని కోప్పడి, నన్ను పక్కకు పిలిచింది. "మామా, నాయిన ఇగ బాయిల దిగొద్దు. నువ్వు దవాఖానల్నే ఉంటవు గద, జెర అన్‌ఫిట్ చేపియ్యి. తమ్మునికి కొలువన్న దొరుకుతది." మా దగ్గర అంతే. కార్మికుడి ఒళ్లు ఇక పనికిరాదని డాక్టర్లు తేలిస్తే, ఆ చోటు కొడుక్కు వస్తుంది. నేను తలూపాను. తలూపడానికి ఖర్చేముంది?

ఇంటికొచ్చాక ఆ ఫోటో కాలనీ అంతా తిరిగింది. చర్చిలో ఫాదర్ గారు బావను లేపి నిలబెట్టి నాలుగు మాటలు చెప్పమన్నారు. రాతిచెట్ల గురించి, మొసళ్ల గురించి, పచ్చనీళ్ల గురించి చెప్పాడు. నోరులేని మనిషి, ఆ రోజు చక్కగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా బామ్మర్ది లేకుంటే నేను పోకపోదును అని కూడా అన్నాడు. ఎవడూ నా వైపు తల తిప్పలేదు. పాస్‌పోర్టు పనులు చేసిందెవరు? విమానాశ్రయాల్లో వాడినీ వీడినీ బతిమాలి మాట్లాడిందెవరు? ఊళ్లో ఆఫ్రికాకు పోయినవాడు బావ, నేను వెంట పోయినవాణ్ణి. నా కొడుకేమో డిగ్రీ చదివి చౌరస్తాలో చాయ్ తాగుతూ తిరుగుతున్నాడు. నేను దున్నపోతులా ఆరోగ్యంగా ఉన్నాను. నన్ను ఏ డాక్టరు అన్‌ఫిట్ అంటాడు? బావ దగ్గు చూసి ఈర్ష్యపడ్డాను. దగ్గును చూసి. ఇంతకంటే నీచం ఉంటుందా, మీరే చెప్పండి.

అన్‌ఫిట్ కోసం బావ పెట్టుకున్న కేసు మా దవాఖానకు వచ్చింది. డాక్టరు కోస్తా నుంచి వచ్చిన మనిషి, నికార్సైనవాడు. అన్‌ఫిట్ కోసం కుంటుతూ వచ్చి, గేటు దాటగానే సైకిలెక్కి పోయే నాటకాలు చూసి చూసి విసిగిపోయాడు. నన్ను పిలిచి, "ఏమయ్యా, మీ బావ నాలుగు మెట్లు కూడా ఎక్కలేనంటున్నాడు. నిజమేనా?" అని అడిగాడు.

నిజమే సార్. ఈ రెండు మాటలు చాలు. నాలుక దాకా వచ్చాయి కూడా. వచ్చాయా? లేక వచ్చాయని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటున్నానా? ఏమో. నేను చేసింది మాత్రం ఇది. సొరుగు తెరిచి, నేను తీసిన ఫోటో అని నలుగురికీ చూపించుకోవడానికి దాచుకున్న కాపీ బయటికి తీశాను. "మెట్లా సార్? ఆఫ్రికాల గుట్టెక్కొచ్చిండు" అని నవ్వుతూ బల్ల మీద పెట్టాను. ఆయన చూశాడు. ఆయన కూడా నవ్వాడు. ఎక్స్‌రేలో మరకలున్నాయి గానీ బాయిలో చేసినవాళ్లలో చాలామందికి అవి ఉంటాయిలే అన్నాడు. ఆయన తప్పేం లేదు. సొంత బామ్మర్ది అబద్ధం ఎందుకు చెబుతాడు? అది అబద్ధమని కూడా అనిపించని అబద్ధం. ఆ రోజంతా నేను నిజాయితీపరుణ్ణని గర్వపడ్డాను కూడా. కంపెనీని మోసం చేయనివ్వలేదు కదా. థూ.

ఫిట్ అని తేలిన రోజు బావే ఇంటికొచ్చి చెప్పాడు. కోపం లేదు, అనుమానం లేదు. "ఫిట్ అన్నరు బామ్మర్ది. గంత గట్టిగున్ననా నేను?" అని నవ్వాడు. కొంచెం సంతోషపడ్డాడని కూడా నాకనిపించింది. నా ఎదుట కూర్చుని చాయ్ తాగి, మర్నాటి నుంచి మళ్లీ బాయిలోకి దిగాడు.

ఆ బాయికి లిఫ్టు లేదు. ఇంక్లైన్, అంటే ఏటవాలు సొరంగం. షిఫ్టు అయ్యాక నడిచి పైకెక్కి రావాలి. ఒక మధ్యాహ్నం అందరితో పాటే ఎక్కుతూ పక్కకు కూర్చున్నాడట. దమ్ము తీసుకుంటున్నాడనుకుని తోటివాళ్లు దాటిపోయారు. వెనకొచ్చినవాళ్లు భుజం పట్టి కదిపితే పక్కకు ఒరిగిపోయాడు.

డ్యూటీలో పోయాడు కాబట్టి మేనల్లుడికి కొలువు వచ్చింది. చావుకు వచ్చినవాళ్లు ఆ మాటే చెప్పుకున్నారు. పోరనికి దారి చూపించి పోయాడన్నారు. నేనూ అదే పట్టుకుని వేలాడాను. ఎట్లాగూ కొలువు వచ్చింది కదా, ఏం నష్టమైంది అని లెక్కలేసుకున్నాను. నష్టమేమిటో నాకు తెలియదా? అక్క ఒంటరిగా అన్నం తింటున్నప్పుడు చూడలేదా?

తెలంగాణ వచ్చిన రోజు కాలనీలో పటాకులు కాలుస్తున్నారు. అక్క మిఠాయి తీసుకుని మా ఇంటికి వచ్చింది. ఇచ్చి, వెంటనే పోలేదు. గడప దగ్గర నిలబడి అడిగింది.

"తమ్మీ, ఒకటడుగుత. గంత పెద్ద గుట్టెక్కిన మనిషి, దినాం ఎక్కే తొవ్వల ఎట్ల కూలవడ్డడు?"

ఎవరి మీదా అనుమానంతో కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది. ఈ లోకంలో జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. దేవుని చిత్తం అక్కా అన్నాను. నా తప్పు తీసి దేవుడి మీద పెట్టాను. అంతేనేమో తమ్మీ అని తలూపి వెళ్లిపోయింది.

ఇప్పటికీ మా వీధి చివరే ఉంటుంది. పోయి చెప్పవచ్చు. చెప్పను. అంత మనిషిని కాదు నేను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, మీ క్షమ నాకేం చేసుకోవడానికి? ఆమెకు చెప్పవలసిన మాట ఒక్కసారి బయటికి అనాలని మాత్రం ఉంది. అంటున్నాను.

ఎక్కలేదక్కా. బావ ఆ గుట్ట ఎక్కలేదు. నీకు తెలియొద్దన్నాడు. నాకు తెలుసు. తెలిసీ ఎక్కాడని చెప్పి, ఆయన్ని మళ్లీ బాయిలోకి దించింది నేనే.