వస్తాడని చెప్పని సిస్టరమ్మ

నిన్న కిరాణా కొట్లో ఎర్ర కార్బాలిక్ సబ్బు కాగితం విప్పగానే ఆ ఘాటుకు కాసేపు అలాగే నిలబడిపోయాను. "బాగలేదా అమ్మా, వేరేది ఇయ్యాల్నా?" అన్నాడు కొట్టువాడు. సబ్బు బాగానే ఉంది. సుగుణమ్మ గారి చేతులు ఎప్పుడూ ఆ వాసనే వేసేవి. ఆవిడ బాపట్ల వైపు క్రైస్తవులు. యుద్ధకాలంలో మిలిటరీ ఆసుపత్రిలో, బాంబుల మోతకు మనసు చెదిరిన సిపాయిల వార్డులో నర్సుగా చేసి, రిటైరయ్యాక మా చిలకలగూడ సందులో ఒంటరిగా ఉండేవారు. అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

నేను బడికి పోలేదు. మా ఆయన నర్సింహులు రైలింజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఆయన డ్యూటీ వేళలు పట్టుకునే లెక్కలు నేర్చుకున్నాను. ఏ స్టేషన్ ఎంత దూరం, ఇంజన్‌కు నీళ్లు పట్టడానికి ఎంతసేపు, ఎదురుబండికి దారివ్వడానికి ఎంతసేపు, అన్నీ కూడి ఆయన ఇల్లు చేరే వేళ నోటితోనే చెప్పేదాన్ని. పొరుగు ఆడవాళ్లు తమ మగవాళ్లు ఎప్పుడొస్తారో నన్నే అడిగేవాళ్లు. అది నాకు గర్వంగా ఉండేది.

రజాకార్ల గొడవలు ముదిరిన ఏడాది, మా ఆయనతో పనిచేసే ఒకతను డ్యూటీకి పోయి శవమై తిరిగొచ్చాడు. ఆ ఇంటి ముందు నిలబడి వచ్చినప్పటి నుంచి నా లెక్క మారిపోయింది. బండి కాస్త ఆలస్యమైతే చాలు, మొదటి నుంచి కూడేదాన్ని. కూడినకొద్దీ గుండె దడ పెరిగేది, అరచేతులు చల్లబడేవి. తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది, కొద్ది రోజుల్లోనే అయిపోయింది. కొన్ని గల్లీల్లో మిఠాయిలు పంచారు, కొన్ని గల్లీల్లో ఏడుపులు అప్పుడే మొదలయ్యాయి. రైళ్లు మాత్రం మళ్లీ వేళకు నడిచాయి. ఇక భయపడే పని లేదన్నారు అందరూ. నాకు మాత్రం తగ్గలేదు.

రోజూ ఇంజన్ షెడ్డుకు ఉరికేదాన్ని. చివరికి ఒకనాడు మా ఆయన కంచం ముందు కూర్చొని, అన్నం కలపకుండానే అన్నాడు. "ఏందే, గిట్ల జేస్తవ్? షెడ్డుల అందరు నవ్వుతున్నరు. ఇంకోపారి నువ్వొస్తే నన్ను ఇంజన్ దించి బొగ్గుకుప్ప కాడ పడేస్తనన్నడు ఫోర్‌మన్." ఇంజన్ మీద పని పోతే ఆయన మనిషిగా మిగలడని నాకు తెలుసు. అయినా మర్నాడు సాయంత్రం చెప్పులు కూడా లేకుండా సందులో పడ్డాను.

"ఎక్కడికమ్మాయ్ ఆ పరుగు?" సిస్టరమ్మ గుమ్మంలోంచి పిలిచారు.

"బండి లేటయింది. లెక్క ప్రకారం ఈపాటికి రావాలె."

"లెక్క ఎన్నిసార్లు చేశావు?"

"యాదికి లేదు."

"ప్రతిసారీ ఒకటే వచ్చిందా?"

"ఒకటే."

"మరైతే నీ లెక్క సరిగ్గానే ఉంది. ఇంకా దేనికి చేస్తున్నావు?"

ఆవిడ నా చెయ్యి పట్టి లోపల కూర్చోబెట్టి, చింతపండు చేట ముందుకు తోశారు. గింజలు తీయమన్నారు. నాకు ఏడుపొచ్చింది. "వస్తడని ఒక్కమాట చెప్పుండ్రి సిస్టరమ్మా, జెర నిమ్మళమైత."

"చెప్పను."

"ఎందుకు?"

"నాకు తెలీదు కనక. ఇవాళ చెబితే రేపూ చెప్పమంటావు, ఎల్లుండి గంటకోసారి అడుగుతావు."

అంత కఠినురాలు ఇంకొకరు ఉండరనుకున్నాను. ఆవిడ మాత్రం ఎదురుగా పీట వేసుకొని గింజలు తీస్తూ అడిగారు, "ఇప్పుడు భయం రూపాయికి ఎన్నణాలుంది?"

"పదహారణాలు."

"హాలీయా, కల్దారా?"

అప్పట్లో మాకు రెండు నాణేలు నడిచేవి, నిజాం హాలీ, ఇంగ్లీషువాళ్ల కల్దార్. కల్దార్‌కే విలువెక్కువ. ఆ దడలోనూ నవ్వొచ్చింది. "కల్దారే," అన్నాను. కొంతసేపటికి మళ్లీ అడిగారు. పన్నెండణాలు. ఇంకొంతసేపటికి ఎనిమిది. అప్పటికింకా మా ఆయన రాలేదు. "చూశావా, ఆయన రాకుండానే దిగింది," అన్నారు సిస్టరమ్మ. ఆ మాట నాకు తెలిసిన ఏ లెక్కలోనూ లేదు.

సాయంత్రాలు అలాగే సాగాయి. రెండే షరతులు: బండి వేళ మళ్లీ కూడకూడదు, షెడ్డుకు పోకూడదు. ఒకసారి పెరటి తలుపులోంచి తప్పించుకొని పోయాను. తిరిగొచ్చాక తిట్టలేదు. "పోయొచ్చావుగా, కూర్చో." కంచం కిందపడితే మంచం కిందకు దూరే సిపాయి సంగతి చెప్పారు ఆ పూట. ఏం లేదు, మరిచిపో అన్నవాళ్ల వల్ల అతనికి జబ్బు ముదిరిందట. చివరికి అతని చేతే కంచాలు పడేయించారట, తానే మోత చేసి తానే వినేదాకా. "బాగయిండా?" అన్నాను. "వణుకు పూర్తిగా పోలేదు. కానీ కూర్చొని అన్నం తినేవాడు," అన్నారు.

నాదీ అంతే అయింది. భయం పోలేదు. కానీ షెడ్డుకు పోవడం మానాను. మా ఆయన ఇంజన్ మీదే ఉన్నాడు. మాకు ఆడపిల్ల పుట్టింది.

పిల్లకు ఏడాది నిండకముందే ఒక మధ్యాహ్నం షెడ్డు నుంచి ఇద్దరు మనుషులు వచ్చి గుమ్మం బయటే ఆగిపోయారు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఇంజన్లో ఆవిరి గొట్టం పగిలిందన్నారు. మిగతాది చెప్పనక్కర లేకపోయింది.

సిస్టరమ్మ వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు. "ఉరికినా ఆగేది కాదు గదా," అన్నాను. "ఆగేది కాదమ్మా," అన్నారు. దేవుడి పేరు కూడా ఎత్తలేదు. పిల్లను ఒళ్లోకి తీసుకొని, అక్కడే ఉండిపోయారు. వస్తాడని ఆవిడ ఒక్కరోజు నాతో అని ఉంటే, ఆ రోజు ఆవిడను గడప తొక్కనిచ్చేదాన్ని కాదు. ఆవిడ నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు. అందుకే ఆ ఒక్క మనిషి పక్కన నేను ఏడవగలిగాను.

ఇప్పుడు పిల్ల కాలేజీకి పోతోంది. బస్సులో దూరం పోవాలి. పొద్దున పుస్తకాలు ఎత్తుకోగానే నా అరచేతులు చల్లబడతాయి. అది ఇన్నేళ్లలో ఒక్కరోజూ తప్పలేదు. ఎన్నింటికి వస్తావని మాత్రం అడగను. "పోయిరా బిడ్డా," అంటాను. సందు మలుపు తిరిగేదాకా చూడకుండానే లోపలికొచ్చి, వణుకుతున్న చేతులతోనే బియ్యం కడుగుతాను.