బాన లోపలి బొగ్గు గీత

మొన్న కడప ఆసుపత్రిలో నా చేతికి సెలైన్ పెట్టినప్పుడు, ఆ గొట్టం వాసనకు మా చిన్నాయన చేసిన ఫౌంటెన్ గుర్తొచ్చింది.

వాడి పారేసిన సెలైన్ గొట్టం, పగిలిన రోలు, పెన్ను రీఫిల్ మొన, పాత నూనె డబ్బాతో దాన్ని చేశాడు. డబ్బాను గోడ మీద పెట్టి నీళ్లు పోస్తే, మల్లెచెట్టు పక్కనున్న రోట్లోంచి సన్నటి ధార మోకాలెత్తు లేచేది. రోట్లో పడిన నీళ్లనే మళ్లీ వాడతానని అమ్మకు మాటిచ్చాడు. ఆ ఎండాకాలం అమ్మ తాగేనీళ్లు మైలు దూరం నుంచి మోసుకొచ్చేది.

ఆయన మాట నేను నమ్మలేదు. వంటింటి బాన లోపల బొగ్గుతో గీత గీసి, నీటిమట్టం పూటపూటకూ నోటుబుక్కులో రాశాను. రోజూ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక రెండు వేళ్లు తగ్గుతోంది.

"చిన్నాయనా, బానలో నీళ్లు నువ్వే కదా తీస్తాండావు?"

ఆయన నా పుస్తకం చూశాడు. వంటింటి వైపు ఒకసారి చూశాడు. "అవునప్పా, నేనే. రాసుకో పోలీసప్పా!" అని నవ్వాడు.

రాసుకున్నాను గానీ, అంత సులువుగా ఒప్పుకోవడంతో అనుమానం ఇంకా పెరిగింది. మరుసటి మధ్యాహ్నం తలుపు చాటున కాపు కాశాను. చిన్నాయన వసారాలో గురక పెడుతున్నాడు. అమ్మ బానలో చెంబు ముంచి, తీసుకెళ్లి డబ్బాలో పోసింది. రోటి పక్కన కూర్చుని, పగుళ్లు బారిన పాదాలు ధార కింద పెట్టి కళ్లు మూసుకుంది. అమ్మ ఊరికే కూర్చోవడం నేను చూసింది అదే మొదలు.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో చిన్నాయన పేరు కొట్టేసి ఉంటుంది. దాని చోట ఎవరి పేరూ రాయలేదు.