గుంటంటే గొయ్యి కాదు

మొన్న ఆదివారం మా మనవరాలికి అన్నం కలిపి పెడుతూ, మా నాయనమ్మ చెప్పే ఏడుగురన్నల చెల్లెలి కథ ఎత్తుకున్నాను. "పాపం, ఆ గుంట ఏడ్సుకుంటూ అడివిలోకి ఎల్లిపోనాది" అనేసరికి, హైదరాబాదులో పుట్టి పెరిగిన ఆ పిల్ల నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని, "గుంట ఏడవడమేంటి అమ్మమ్మా, గుంటంటే గొయ్యి కదా?" అంది. నాకు చివుక్కుమంది. మన వైపు వాళ్లకి నేను చెప్పాలా, గుంటంటే ఆడపిల్లని, గుంటడంటే మగపిల్లాడని! కోపం దాచుకుని ఇంకో ముద్ద పెట్టబోతుంటే మా అమ్మ గుర్తొచ్చి, ఉన్నట్టుండి నవ్వొచ్చేసింది.

రాజాం నుంచి బొబ్బిలి వెళ్లే దారిలో, రోడ్డు దిగి కొంత దూరం నడిస్తే వచ్చే ఊరు మాది. అరవైల చివర్లో నేను రెండో తరగతో మూడో తరగతో చదువుతున్నాను. నాన్నకి గోదావరి వైపు సంబంధం ఎలా కుదిరిందో అదొక పెద్ద భారతం, ఇప్పుడు వద్దులెండి. అమ్మ కాపరానికి వచ్చిన కొత్తలో ఎవరో పరుగున వచ్చి "గుంట నూతికాడ పడిపోనాది" అంటే, ఇంట్లో వాళ్లంతా ఏ పిల్లకి దెబ్బ తగిలిందోనని పరిగెత్తితే, అమ్మ మాత్రం నూతి దగ్గర గొయ్యి ఎక్కడ పడిందా అని వెతికిందట. ఆ ముచ్చట మా ఇంట్లో ప్రతి పెళ్లికీ పేరంటానికీ చెప్పుకుని నవ్వేవారు. అమ్మ కూడా నవ్వేది గానీ, ఆ నవ్వులో కొంచెం ఉడుకుమోత్తనం ఉండేదని పెద్దయ్యాక తెలిసింది.

ఆ రోజుల్లో ఇంటికంతటికీ పెద్ద మా తాతయ్య తల్లి. అందరం ముసలమ్మ అనే పిలిచేవాళ్లం. పక్షవాతం వచ్చి మాట పడిపోయి, నడవ పక్కన మంచం మీద ఉండేది. ఆవిడకి నీళ్లు పోయడం, చోడంబలి తాగించడం, దుప్పట్లు మార్చడం అన్నీ మా చిన్నత్త పనులే. నాన్నకి చెల్లెలు, ఇంకా పెళ్లి కాలేదు, గలగలా మాట్లాడే మనిషి. వీధరుగు మీద కూర్చుని చెరుకు ముక్కలు కొరికి పెడుతూ నాకు ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. అంత ప్రాణం నాకు చిన్నత్తంటే.

ముసలమ్మ అత్తగారి నుంచి ఆవిడకొచ్చిన బంగారు కంటె ఒకటుండేది. ఇంట్లో పెళ్లంటే ఆ కంటె పెళ్లికూతురి మెడలో పడాల్సిందే. బంధువుల పిల్ల పెళ్లి మా ఇంట్లోనే చెయ్యాల్సొచ్చి, నాయనమ్మ పెట్టె తీసి చూస్తే కంటె లేదు. ఇల్లంతా తిరగేశారు. చివరికి తాతయ్య ముసలమ్మ మంచం దగ్గర కూర్చుని, "కంటేదమ్మా? ఎక్కడెట్టినావు?" అని అడిగితే, ఆవిడ చాలాసేపు బలం కూడదీసుకుని ఒక్క మాట అంది. "గుంట."

మళ్లీ అడిగితే మళ్లీ అదే. ఎన్నిసార్లు అడిగినా అదే. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన ఆడపిల్ల, పొద్దస్తమానం ఆవిడ మంచం దగ్గరే ఉండే పిల్ల, ఒక్కతే. అందరి చూపులూ చిన్నత్త మీదికి తిరిగాయి. పైగా ఆ మధ్య చిన్నత్త వారానికోసారి స్నేహితురాలింటికని చెప్పి రాజాం బస్సెక్కుతోంది. ఆ స్నేహితురాలు ఎవరో ఎవరికీ తెలీదు. ఇంకేం కావాలి! వంటింట్లో అమ్మ తోడికోడళ్ల గుసగుసలు, వచ్చిన వాళ్ల ముందు మాట మార్చేయడాలు. దొంగతనం అన్న మాట ఎవరూ నోటితో అనలేదు. తీశావా అని ఎవరూ అడగనూ లేదు. అడిగితే పరువు పోతుందని అనుకున్నారో, ఏం వినాల్సొస్తుందోనని భయపడ్డారో. చిన్నత్త మాట్లాడ్డం మానేసింది. నాకు చెరుకు ముక్కలు కొరికి పెట్టడం కూడా మానేసింది.

సరిగ్గా నాయనమ్మ కథలో లాగే. ఆ కథలోనూ పెద్దొదిన ముక్కుపుడక పోతుంది, నింద ఆడపడుచు మీద పడుతుంది, అన్నలు పుట్టింటికి వెళ్లిన వదినని తీసుకురావాలన్న వంకతో చెల్లెల్ని బండెక్కించి అడవిలో దింపేసి వస్తారు. ఏళ్లు గడిచాక ముక్కుపుడక ఇంటి దూలం మీద పిట్టగూట్లో దొరుకుతుంది. మా వైపు ఆ కథ చెప్పని ముసలివాళ్లు లేరు, విని ఏడవని పిల్లలూ లేరు. అంత ఏడ్చిన పెద్దవాళ్లే మా ఇంట్లో బండి కట్టించారు చూడండి! చిన్నత్తని కొన్నాళ్లపాటు శృంగవరపుకోటలో తాతయ్య చెల్లెలి ఇంట్లో ఉంచుతారట. మందీ మార్బలం మధ్య పెళ్లి జరిగే ఇంట్లో ఆ పిల్ల కనబడకూడదట.

బండి వాకిట్లో ఉంది. చిన్నత్త ముసలమ్మకి చివరిసారి అంబలి తాగించి, మూతి తుడిచి, లేచింది. ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ "గుంట, గుంట" అంది. అందరూ ఎప్పటిలాగే చిన్నత్త మొహం వైపు చూశారు. అమ్మ ఒక్కతే ముసలమ్మ కళ్లవైపు చూసింది. ఆ కళ్లు చిన్నత్త మీద లేవు, పెరటి వసారా వైపున్నాయి.

అంతవరకు మామగారి ఎదుట నోరెత్తి ఎరగని మా అమ్మ, తలుపు చాటు నుంచి బయటికొచ్చి, "మావయ్యగారూ, బండి కాస్త ఆపించండి. ఆవిడ చెబుతున్నది మన అమ్మాయి గురించి కాదేమో. గొయ్యేమో" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇన్నేల్లైనా కోడలికి మన బాస రానేదు" అంది ఒక పెద్దమ్మ. కానీ నాయనమ్మ నవ్వలేదు. వసారా వైపు తిరిగి, "ఓలమ్మో, రోటిగుంట!" అంది.

రాజాంలో మిల్లు వచ్చాక మా ఇంట్లో వడ్లు దంచడం మానేశారు. పెరటి వసారాలో నేలలో పాతిన దంపుడు రోటి మీద చెక్క వేసి, చెక్క మీద గోనెసంచులు పడేశారు. ఆ రోటి లోపలి గుంటని పాతకాలం ఆడవాళ్లు రోటిగుంట అనేవారట. ముసలమ్మ నోటికి ఆ మాటలో రెండో సగమే పలుకుతోందన్నమాట. సంచులు లాగి, చెక్క తీస్తే, పాత చీర ముక్కలో చుట్టిన కంటె ఉంది. కాళ్లాడే రోజుల్లో ఏ దొంగల భయానికి దాచుకుందో ఏమో.

నాయనమ్మ దాన్ని తెచ్చి ముసలమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ కంటెని పక్కన పడేసి, బాగున్న చేత్తో చిన్నత్త బుగ్గ నిమిరి, "గుంట" అంది. ఈసారి ఎవరినన్నదో మా అమ్మకి కూడా అర్థమైంది.

చిన్నత్త అప్పుడు ఏడ్చింది. అన్నాళ్లూ ఏడవని మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది. నాయనమ్మ పక్కన కూలబడి, ఎప్పుడో అడగాల్సిన మాట అప్పుడడిగింది. "రాజాం ఎందుకెల్తన్నావే తల్లీ?"

"మిసను నేర్సుకుంటన్నానమ్మా. పరాయోల్ల జాకెట్లు కుడతావా అని నాయిన తిడతాడని సెప్పనేదు."

తాతయ్య కండువా భుజాన వేసుకుని, చిన్నత్తని ఎక్కించాల్సిన బండి తనే ఎక్కి వెళ్లిపోయాడు. పొద్దువాలే వేళకి ఆ బండిలోనే కొత్త కుట్టుమిషను దిగింది. తప్పయిందని చెప్పడం మా తాతయ్యకి చేతకాదు, చేతనైంది అదే. చిన్నత్త మొట్టమొదట కుట్టింది మా అమ్మకి జాకెట్టు. ఒక చెయ్యి బిగుతు, ఒక చెయ్యి వదులు. అయినా అమ్మ దాన్ని చిరిగేదాకా తొడుక్కుంది. చిన్నత్త పెళ్లయి బొబ్బిలి వెళ్లాక, ఆ మిషను మీదే ఎంతమంది ఆడపిల్లలకి కుట్టు నేర్పిందో!

ఆ తర్వాత నాయనమ్మ కథ మారిపోయింది. అన్నలు బండి కట్టే చోటికి వచ్చేసరికి, దూరదేశం నుంచి వచ్చిన చిన్నొదిన ఒకతి కొత్తగా వచ్చి చేరింది. ఆవిడకి ఆ ఊరి మాటలు సరిగా రావు. అందుకే, ఏది అనకూడదో తెలియక, "ఆ గుంటనోపాలి అడగండర్రా" అంటుంది, ఒక్కసారి అడిగి చూడమని. మిగిలిన ఊళ్లలో చెల్లెలు అడవికి వెళ్లేది, మా ఇంట్లో మాత్రం గడప దాటేది కాదు. ఇంటి గుట్టు నాయనమ్మ అలా కథలో దాచింది. బయటివాళ్లు వింటే, ముసల్ది కథ సగం మర్చిపోయిందనుకునేవారు.

ఇప్పుడు రోళ్లూ లేవు, వసారాలూ లేవు, గుంట అన్న మాటా మాతోనే పోయేలా ఉంది. దిగులుగానే ఉంటుంది. మొన్న నేనేమో పరధ్యానంలో పాత కథే, అందరూ చెప్పేదే, చెప్పుకుంటూ పోతున్నాను. ముద్ద మింగి మా మనవరాలు అడిగింది: "తీసిందో లేదో ఆ అమ్మాయినే అడగొచ్చు కదా అమ్మమ్మా?"

చిన్నొదిన మళ్లీ వచ్చిందనుకున్నాను. అడవి దాకా వెళ్లిన బండిని వెనక్కి తిప్పి, కథ మా ఇంటి దారి పట్టించాను.